తీగ మీద పందెం

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం నరసాపురం నుంచి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. చంకలో గొడుగు, చెమటకి వీపుకంటుకుపోయిన చొక్కా. నేను వీధి గదిలో పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాను. ఈమధ్య నా చెవులు సరిగ్గా పనిచెయ్యడం లేదు. గుమ్మంలో నిలబడి రెండు మూడుసార్లు పిలిచాడట, చివరికి మా కోడలు వచ్చి భుజం తట్టింది.

"సూర్యనారాయణగారంటే మీరేనాండి? తంతి ఆఫీసులో చేసినవారు?"

"నేనేనండి. కూర్చోండి."

"నేను వెంకటరత్నంగారి అల్లుణ్ణండి. నరసాపురం ఆఫీసులో ఉండేవారు చూడండి, ఆయన. శివరాత్రి ముందు పోయారండి. మీకు కబురు చెప్పి రమ్మని మా అత్తగారు పంపించారు."

ఆ కబురు ఉత్తరం ముక్కలో రాయొచ్చు. టెలిగ్రామూ ఇవ్వొచ్చు. కాని మనిషి వచ్చాడు. కాఫీ తాగాడు, కాసేపు కూర్చున్నాడు, మావగారు చివరి రోజుల్లో పెద్దగా బాధపడలేదని చెప్పాడు, రాజమండ్రికి బదిలీ కోసం ఆయన మూడుసార్లు అర్జీ పెట్టుకున్నారనీ, ఏదీ కుదరలేదనీ మాటల మధ్యలో చెప్పాడు, సాయంత్రం వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు తిరిగాక మా కోడలు గ్లాసు తీస్తూ, "ఎవరండీ మావయ్యగారూ? మన బంధువులా?" అంది. కాదమ్మా, నాతోపాటు పనిచేసినాయన, నేను చూసింది ఒక్కసారే అన్నాను. "ఒక్కసారి చూసినాయన పోతే ఇంత దూరం మనిషిని పంపారా?" అంది. జవాబు చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. ఓపిక లేదన్నది నిజమే గాని, పూర్తిగా నిజం కాదు. ఆ అమ్మాయి అడిగిన దానికి జవాబు చెప్పాలంటే నేను ఇరవై ఒక్క ఏళ్ళ వయసుకి వెనక్కి నడవాలి. అంత దూరం నడిచి చాలా కాలమైంది.

నాకు మొదట వేసిన ఆఫీసు గోదావరి పాయ ఉప్పునీటిలో కలిసే వైపున, ఉప్పు నిలవచేసే సర్కారు కొఠారు పక్కన ఉండేది. ఉప్పు కొఠారు ఉంది కాబట్టే అక్కడ దొరల రాకపోకలు, దొరల రాకపోకలు ఉన్నాయి కాబట్టే తంతి ఆఫీసు. లేకపోతే ఆ చవిటి నేలకి తీగ లాగవలసిన అవసరం ఎవరికీ లేదు. పెంకుటింట్లో ముందు గది ఆఫీసు, వెనక గది నా కాపురం. గోడవారగా రెండు వరసల్లో బ్యాటరీ జాడీలు. వాటి అడుగున నీలిరంగు మైలుతుత్తం, పైన తడి రంపపు పొట్టు. పొద్దున్నే లేచి మొహం కడుక్కోగానే మొదట ఆ జాడీలు చూసుకోవాలి, నీళ్ళు ఇంకిపోతే పొయ్యాలి. తడిసిన పొట్టు వాసన, మైలుతుత్తం వాసన, కిటికీలోంచి వచ్చే ఎండుచేపల వాసన, ఈ మూడూ కలిసి నా బట్టల్లోకీ అన్నంలోకీ కూడా వచ్చేవి. నా గోళ్ళు ఎప్పుడూ నీలంగానే ఉండేవి. సెలవులకి ఇంటికి వెళితే మా నాయనమ్మ నా చేతులు పట్టుకుని చూసి, "ఇదేం ఉద్యోగంరా, అద్దకపోళ్ళ చేతుల్లాగున్నాయి" అనేది.

నన్ను పెంచింది మా నాయనమ్మే. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. మా నాన్న పొద్దున్న లేచింది మొదలు పొలం, కాలవ నీళ్ళ తగాదాలు, పశువులు. మాటలు తక్కువ మనిషి. ఇంట్లో మాటలన్నీ నాయనమ్మవే. తెల్లవారుజామున ఆవిడ మజ్జిగ చిలికే చప్పుడుకి నాకు మెలకువ వచ్చేది. చిలకడం అయిపోయాక కవ్వానికి అంటుకున్న వెన్న వేలితో తీసి నా నోట్లో పెట్టి, తర్వాత పెరటి అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించి, నిప్పున్న కొస నోట్లోకి తిప్పుకుని అడ్డపొగ పీల్చేది. ఆ పొగ బిగించిన నోటితోనే పనివాళ్ళని కేకలేసేది. ఆవిడ మాట మాకు తప్ప ఎవరికీ సరిగ్గా అర్థమయ్యేది కాదు. సాయంత్రం కాళ్ళు చాపుకుని కూర్చుంటే నేను ఒడిలో తల పెట్టుకునేవాణ్ణి. పెద్దయ్యాక కూడా, మీసాలు వచ్చాక కూడా. ఆవిడ చేతివేళ్ళు పొగాకు వాసన, చీర చెంగు వెన్న వాసన. మా ఊళ్ళో అక్షరమ్ముక్క వచ్చిన వాళ్ళు కరణీకమో బడిపంతులు పనో చూసుకునేవాళ్ళు. నేను రాజమండ్రిలో ఇంగ్లీషు బడికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఈ తీగ పనిలోకి రావడం మా నాన్నకి నచ్చలేదు. నచ్చలేదని నోటితో అనలేదు. వెళ్ళే రోజున పడవ దాకా వచ్చి మూట అందించింది మాత్రం ఆయనే.

ఆ ఉప్పు గాలిలో నేను రెండేళ్ళున్నాను. వానలు వెలిశాక ప్రతి ఏడూ చలిజ్వరం. పక్క గుడిసెలో నూకాలమ్మ అని చేపలమ్ముకునే ఆవిడ ఉండేది. మొగుడు వేటకి వెళ్ళేవాడు. జ్వరం వచ్చినప్పుడు ఆవిడే మంచినీళ్ళ కుండ తెచ్చి గుమ్మంలో పెట్టేది. మాట్లాడ్డానికి మనుషులు లేరు. ఉన్నదల్లా తీగ. మా తీగ మీద పది ఆఫీసులు. ఒకరు మీట నొక్కితే అన్నిచోట్లా సౌండరు అనే ఇత్తడి పరికరం చుక్కలూ గీతలుగా టక్కుటక్కుమంటుంది. ఎవరి కబురైనా అందరికీ వినిపిస్తుంది. పని లేనప్పుడు మేం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట్లాడుకునేవాళ్ళం. మొహాలు తెలియవు గాని ఒక్కొక్కరి చెయ్యి తెలుసు. రాతలో దస్తూరీ ఉన్నట్టే మీట మీద చేతికీ ఒక తీరుంటుంది. ఏలూరాయన చెయ్యి దురుసు. కాకినాడాయన గీత దగ్గర అవసరం లేకపోయినా కాస్త సాగదీసేవాడు. నరసాపురం వెంకటరత్నంగారిది మాత్రం తడిసిన చేలో గట్టు మీద నడిచే రైతు నడకలా ఉండేది, తొందర లేదు, జారడం లేదు. ఆయన పంపుతుంటే పెన్సిలు దానంతటదే నడిచేది. నా కంటే పదేళ్ళు పెద్ద. నాకు జ్వరం వచ్చిన రోజున నా చేతిలోనే పట్టేసేవారు. "ఇవాళ మళ్ళీ చలేసిందా? నీ కబుర్లు నేనందుకుంటాను, పడుకో" అనేవారు.

కార్తీకమాసంలో ఒక రోజు మా ఇన్స్పెక్టరుగారు తీగ తనిఖీకి వచ్చారు. చెన్నపట్నం వైపు మొదలియారు. పొడుగాటి కోటు, నుదుటి మీద విభూతి, తమిళం యాసతో తెలుగు. జాడీలు చూసి, పుస్తకాలు చూసి, నా మీటకున్న మరలు చేత్తో తడిమి కూర్చున్నారు.

"చూడప్పా, పెద్ద దొరగారు ఒక పందెం పెట్టమన్నారు. ఈ తీగ మీద ఎవడి చెయ్యి మంచిదో తెలియాలి. శనివారం మధ్యాన్నం మొదలు, ఆదివారం దీపాలు పెట్టే వేళకి ఆఖరు. చీకటి పడితే తీగ మూసేది. ఆదివారం పొద్దున దొరగారు చర్చిలో ఉండే రెండు గంటలు కూడా మూసేది."

"ఏం చెయ్యాలండి?"

"పుస్తకంలో ఇరవై మాటల కబుర్లు ఇస్తాను. ఒక ఆఫీసుని పిలువు, ఒకటి పంపు, ఒకటి పట్టు. నంబరు వెయ్యి. తప్పు వస్తే ఆ నంబరు కొట్టివేత. ఎక్కువ ఎవడు చేస్తాడో వాడికి రాజమండ్రి ఆఫీసు. ఒక్కడే కూర్చోవలె. ఇంకొక మనిషి చెయ్యి పడకూడదు."

రాజమండ్రి ఆఫీసంటే నాలుగు మిషన్లు, పెద్ద తీగ, చెన్నపట్నం నేరుగా వినిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, తాగడానికి గోదారి నీళ్ళు. ఆయన వెళ్ళాక నేను ఆ వారమంతా మీటకి నూనె పెట్టాను, కొత్త మైలుతుత్తం వేశాను, అద్దం ముందు కూర్చుని మణికట్టు బిగుసుకుపోకుండా ఎలా పెట్టాలో చూసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నాకు ప్రపంచంలో మరో పని లేనట్టుండేది.

శనివారం మధ్యాహ్నం మొదలైంది. పదిమంది ఒక్క తీగ కోసం కొట్లాడుకోవడం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. రేవులో ఒకే పడవ ఉండి పదిమంది ఎక్కాలనుకున్నట్టు. ఒకరు ఆపిన క్షణంలో మీట నొక్కాలి. కాస్త ముందైతే ఇద్దరి చప్పుడూ కలిసి పాడవుతుంది. కాస్త ఆలస్యమైతే ఇంకొకరు అందుకుంటారు. చీకటి పడేసరికి వెంకటరత్నంగారు అందరికంటే ముందున్నారు, ఆయన వెనక నేను. నంబర్లు అందరికీ వినిపిస్తాయి కాబట్టి దాపరికం లేదు. ఆ రాత్రి అన్నం వండుకోలేదు. అటుకులు నానేసుకుని తిని పడుకుంటే కళ్ళు మూసుకున్నా చెవుల్లో చప్పుడు ఆగలేదు. తెల్లవారగానే మళ్ళీ కూర్చున్నాను. వేళ్ళు అరిటాకు ఈనెల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. వేడినీళ్ళలో పెట్టి, గుడ్డ చుట్టుకుని మొదలుపెట్టాను.

ఎనిమిది గంటలకి చర్చి వేళ వచ్చింది. తీగ మూగపోయింది. నేను బల్ల మీదే తల వాల్చాను. ఎవరో తలుపు మీద చేత్తో కొట్టారు. చూస్తే మా నాన్న. మోకాళ్ళ దాకా బురద, భుజం మీద తువ్వాలు. మా ఊరి నుంచి పడవ చివరి లాకు దాకానే వస్తుంది. అక్కణ్ణుంచి రెండు కోసులు గట్టు మీద నడిచి వచ్చాడు.

"ఏంట్రా అబ్బాయ్, ఆదివారం పూట తలుపేసుకున్నావు?"

"నాన్నగారండీ! ఏంటండి ఇలా వచ్చారు?"

"మీ నాయనమ్మకి ఒంట్లో బాలేదు. మొన్నటినుంచి మంచం దిగలేదు. నిన్ను చూడాలంటోంది. ఓసారి వచ్చి పోదువు గాని."

"ఎలా ఉందండి? మాట్లాడుతోందా?"

"మాట్టాడుతోందిలే. అన్నం ముట్టటం లేదు. సూరిబాబు వచ్చాడా, వచ్చాడా అని మాత్రం అడుగుతోంది. నీకేదో చెప్పాలంట."

"ఏం చెప్పాలంటండి?"

"నాకు చెప్పలేదు."

నేను ఆయనకి పందెం సంగతి చెప్పాను. చెప్తుంటే నాకే అది చిన్నదిగా అనిపించింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. "పందెమంటే, కోడిపందెం లాంటిదా?" అన్నాడు. అలాంటిదేనండి అన్నాను. "నీతో పందెం కాసినోడేడీ?" అని గదంతా చూశాడు. కనపడడండి, నరసాపురంలో ఉంటాడు అన్నాను. ఆయన ఆ మీట కేసీ, తీగ కేసీ, కిటికీలోంచి బయటికి పోయిన స్తంభాల కేసీ చూశాడు.

"దీపాలయేళకి అయిపోతుందండి. అవగానే బయల్దేరదాం. అయితే మీ ఇష్టమండి. మీరు ఇప్పుడే రమ్మంటే..."

మిగతా మాట నేను అనలేదు. ఆయన అనిపించలేదు కూడా. "కానీ. ఇంత దూరం వచ్చాక పొద్దువాలిందాకా ఆగలేనా? నీ పని చూసుకో" అని తువ్వాలుతో కాళ్ళ బురద తుడుచుకుని వీధి అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడు ఒక్కసారి గట్టిగా "పద" అనుంటే నేను వెళ్ళేవాణ్ణి. మా నాన్న జీవితంలో ఎప్పుడూ ఎవరినీ గట్టిగా ఏదీ అడగలేదు. ఆయన స్వభావం మీద నేరం మోపి ఇన్నేళ్ళూ గడిపాను గాని, అది నా నేరం ఆయన మీద మోపడమే.

పది గంటలకి తీగ తెరిచారు. పంపుతున్నాను, పట్టుకుంటున్నాను, మధ్యమధ్య అరుగు మీద ఆయన దగ్గు వినిపిస్తోంది. రెండు కబుర్లలో తప్పులు దొర్లాయి, రెండూ కొట్టివేత. మధ్యాహ్నానికి వెంకటరత్నంగారు నా కంటే తొమ్మిది నంబర్లు ముందున్నారు. ఇద్దరి మధ్యా కబురు మార్చుకునే వంతు వచ్చింది. అది అయ్యాక ఆయన మీట వదల్లేదు.

"నీ చెయ్యి బాలేదు. జ్వరమా?" అని అడిగారు.

"జ్వరం కాదండి. మా నాన్న వచ్చారు. నాయనమ్మకి బాలేదట, నన్ను చూడాలంటోందట, ఏదో చెప్పాలట. ఆయన బయట కూర్చున్నారు."

 సౌండరులో మళ్ళీ ఆయన నెమ్మదైన నడక. "వెళ్ళు. పెద్దవాళ్ళు అడిగినప్పుడు వెళ్ళాలి. నేనూ ఇక్కడితో ఆపేస్తాను. నువ్వు లేకుండా నేను నంబర్లు పెంచుకోను. ఇన్స్పెక్టరుగారికి జరిగింది చెబుతాను. సరేనా?"

"సరేనండి" అని పంపాను. ఆయన మూసేస్తున్నట్టు గుర్తు పంపారు. నరసాపురం ఆగిపోయింది.

ఇక్కడ నేను ఉన్నదున్నట్టు రాయాలి. ఆ "సరే" అన్నప్పుడు నేను వెళ్ళాలనే అనుకున్నాను. కుర్చీలోంచి లేచాను. చొక్కా వేసుకున్నాను కూడా. కాని గుమ్మం దాకా నడిచిన ఆ నాలుగడుగుల్లో ఒక ఆలోచన వచ్చింది. ఆయన ముందున్నాడు కదా, ఇక్కడితో ఆపేస్తే ఆయనే గెలుస్తాడు కదా, అందుకే ఆపుదామంటున్నాడేమో. రెండేళ్ళుగా నా జ్వరాన్ని నా చేతిలో పోల్చుకుని నా పని మీదేసుకున్న మనిషి గురించి నేను అనుకున్నది అది. గుమ్మంలోంచి చూస్తే మా నాన్న అరుగు మీద తువ్వాలు తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని, అరికాళ్ళు పగుళ్ళు విచ్చి, వాటిలో ఎండిన బురద. రాత్రంతా పడవలో మేలుకుని ఉంటాడు, కాస్సేపు పడుకోనిద్దాం అనుకున్నాను. అది కూడా అబద్ధం కాదు. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. సౌండరులో తణుకు ఆఫీసు ఎవరినో పిలుస్తోంది, ఎవరూ పలకడం లేదు. ఒక్కటి అందుకుందామనుకున్నాను. ఆ తర్వాత కాకినాడ పిలిచింది. నరసాపురం తప్పుకోవడంతో తీగ ఖాళీగా ఉంది, అడిగినప్పుడల్లా దొరుకుతోంది. చొక్కాతోనే కూర్చుని చేశాను. తప్పు ఒక్కటి కూడా రాలేదు. నా చెయ్యి అంత బాగా ఆ ముందెన్నడూ నడవలేదు, ఆ తర్వాతా నడవలేదు.

ఎండ వాలాక నూకాలమ్మ గొంతు వినిపించింది. గుమ్మానికి అడ్డంగా నిలబడి నడుం మీద చేతులేసుకుంది.

"ఏం బాబూ, ఆ పెద్దాయన మీ అయ్యేనంట కదండీ? పొద్దుటినుంచీ పస్తులున్నారండి. మా ఇంట్లో కూడు ఆయన తినరు గదా అని ఒక బొండాం కొట్టిచ్చాను. మీరేంటి, ఇంత కూడన్నా పెట్టరా?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. నేను శనివారం నుంచి పొయ్యి వెలిగించలేదు. మా నాన్న వచ్చి ఎనిమిది గంటలైంది. అన్నం తిన్నారా అని నేను అడగలేదు. లేచి బయటికి వెళ్ళాను. ఆయన లేచి కూర్చుని ఉన్నాడు, బొండాం చిప్ప పక్కన పెట్టుకుని.

"అయిందా అబ్బాయ్?"

"ఇంకో గంటండి."

"కానీ, కానీ" అన్నాడు. ఆ తర్వాత, "లోపల నీ చప్పుడు వింటా కూర్చున్నాను. బాగానే కొడుతున్నావు కదా?" అన్నాడు.

నేను మళ్ళీ లోపలికి వెళ్ళాను. అవును, వెళ్ళాను.

దీపాలు పెట్టేవేళకి పందెం ముగిసింది. లాకు దాకా చీకట్లో నడిచి, రాత్రి పడవ కోసం కాచుకుని ఎక్కాం. అటుకులూ బెల్లమూ మూటగట్టి తెచ్చాను, మా నాన్న గుప్పెడు తిని మిగతాది నన్ను తినమన్నాడు. తెల్లవారుతుండగా మా ఊరు చేరాం. మా మేనత్త వాకిట్లోకి ఎదురొచ్చింది. ఏడవలేదు గాని, మొహం చూస్తేనే తెలిసింది.

"నిన్న పొద్దుగూకేదాకా నీ పేరే తలుచుకుందిరా సూరీ. దీపం పెట్టే ముందు మంచినీళ్ళడిగింది. గ్లాసు పట్టుకుని వచ్చేసరికి మూతి వంకరపోయింది, నోరు పడిపోయింది. ఇక మాట లేదు."

పొద్దున్న మా నాన్న రాగానే బయల్దేరి ఉంటే మూడు గంటలలోపే చేరేవాణ్ణి. మధ్యాహ్నం నేను సరేనన్నప్పుడు బయల్దేరినా దీపం పెట్టే వేళకి మా ఊరి రేవులో ఉండేవాణ్ణి, అందేవాణ్ణో లేదో చెప్పలేను. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేసుకున్నానో నాకే తెలియదు. ఎదురుగాలి ఉంటే, లేకపోతే, లాకులో ఆలస్యమైతే, కాకపోతే. ఏ దారిన పోయినా ఒక్కచోటికే వస్తుంది.

నాయనమ్మ ఇంకా తొమ్మిది రోజులు బతికింది. నేను పక్కనే ఉన్నాను. గంజి చెంచాతో పోస్తే సగం చెంప మీదికి కారిపోయేది, చెంగుతో తుడిచేవాణ్ణి. కళ్ళు మాత్రం నా మీదే ఉండేవి. ఏదో చెప్పబోయేది, గొంతులో ఒక శబ్దం వచ్చేది. అడ్డపొగ నోట్లో పెట్టుకుని ఆవిడ మాట్లాడే మాటలు ఎవరికీ అర్థం కానప్పుడు కూడా నాకు అర్థమయ్యేవి. ఈ శబ్దం నాకూ అర్థం కాలేదు. ఏంటి నాయనమ్మా, పొలం సంగతా, అమ్మ సంగతా, నా పెళ్ళి సంగతా అని ఒక్కొక్కటే అడిగేవాణ్ణి. దేనికీ తల ఊపలేదు. కళ్ళు మూసుకునేది. పదో రోజు పొద్దున్న ఆ కళ్ళు తెరుచుకోలేదు. మా నాన్న కర్మకాండ అంతా తనే చేసుకున్నాడు. ఆ ఆదివారం గురించి ఆనాడు గాని, ఆ తర్వాత బతికిన ఇరవై ఏళ్ళలో గాని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

నేను తిరిగి ఉద్యోగంలోకి వచ్చేసరికి ఇన్స్పెక్టరుగారి కాగితం వచ్చి ఉంది. మొదటి పేరు నాది. రెండో పేరు వెంకటరత్నంగారిది. ఎదురుగా ఎవరెవరు ఎన్ని చేశారో అంకెలు. ఆ కాగితం అన్ని ఆఫీసులకీ వెళ్ళింది. మధ్యాహ్నానికి ఆయన కంటే తొమ్మిది వెనకున్నవాడు సాయంత్రానికి ఎలా ముందుకొచ్చాడో లెక్క తెలిసిన ఎవరికైనా తెలుస్తుంది. మీట ముట్టుకోవడానికి భయమేసింది. మొదట పిలిచింది ఆయనే.

"వచ్చావా? నాయనమ్మగారు ఎలా ఉన్నారు?"

"పోయారండి."

"అయ్యో. చూశావా?"

"చూశాను."

"మాట్లాడారా నీతో?"

నా చెయ్యి మీట మీద ఉంది. సౌండరు ఎదురుచూస్తోంది. తీగ మీద ఇంకెవరు వింటున్నారో తెలియదు.

"మాట్లాడిందండి" అని పంపాను.

"మంచిది. అది చాలు" అన్నారు ఆయన. పందెం సంగతి ఎత్తలేదు. మర్నాటి నుంచి మామూలు కబుర్లే.

నేను రాజమండ్రి వచ్చేశాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆ పనిలోనే ఉన్నాను. ఊళ్ళో జనం తంతి వచ్చిందంటే చావు కబురేమోనని గడగడలాడే రోజులవి. ఎంతమంది ఇళ్ళకి అలాంటి కబుర్లు నా చేతి మీదుగా వెళ్ళాయో. పెన్సిలు ఆగేది కాదు, చెయ్యి వణికేది కాదు. ఇప్పుడు కుడిచేతి రెండు వేళ్ళు ముడుచుకోవు, ఎడమ చెవి పూర్తిగా పోయింది. తీగే అక్కర్లేదట, గాలిలోంచే మాటలు వినిపిస్తాయట. మా ఇంట్లో వాళ్ళు ఆ పెట్టె కొనాలని సరదాపడుతున్నారు. కొనుక్కోండి, నాకు వినపడదు అన్నాను. ఆ రోజుల్లో ఒక్క మాట పంపడానికి పదిమందిమి కొట్టుకున్నాం. ఇప్పుడు మాటలకి కొదవ లేదు. అప్పుడు మనుషులు మంచివాళ్ళనీ ఇప్పుడు కాదనీ నేను అనలేను. అప్పటి మనుషుల్లో నేనూ ఒకణ్ణి.

వెంకటరత్నంగారిని నేను చూసిన ఆ ఒక్కసారి గోదావరి పుష్కరాల్లో. కోటిలింగాల రేవు మెట్ల మీద ఒక పొట్టి మనిషి, మొహం నిండా స్ఫోటకం మచ్చలు, తడి పంచె పిండుకుంటూ, "సూర్యనారాయణగారు తంతి ఆఫీసులో ఈ వేళ ఉంటారాండి?" అని ఎవరినో అడుగుతున్నాడు. నేనేనండి అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. మొహం కొత్త, గొంతు కొత్త. ఇద్దరం ఏం మాట్లాడుకోవాలో తెలియక నవ్వాం. మీట ఉంటే బాగుండేది. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. ఆయన పిల్లల గురించి, నా పిల్లల గురించి అయ్యాక, ఆయన నీళ్ళలోకి చూస్తూ అన్నారు.

"నేను అప్పట్లో అడగలేదండి. తీగ మీద అందరూ వింటారని. మీ నాయనమ్మగారు ఏదో చెప్పాలన్నారు కదా. ఏం చెప్పారండి?"

ఆయనకి అంకెలన్నీ తెలుసు. నేను మధ్యాహ్నం బయల్దేరలేదని తెలుసు. అయినా ఆ మనిషి ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నది అది కాదు. నేను నాయనమ్మ మాట అందుకున్నానా లేదా అన్నది. అందుకున్నానంటే ఆయన ఆగిపోవడం వృథా పోనట్టే. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన మొహం చూశాక రాలేదు.

"చిక్కిపోయావురా అందండి. ఆ ఉప్పు నీళ్ళు తాగకు, రాజమండ్రి వెళ్ళిపో అంది. పెళ్ళిలో తన చేతి బంగారు మురుగులు నీ పెళ్ళానికే వెయ్యాలి అంది. అంతేనండి."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "పెద్దవాళ్ళు అంతేనండి. పోయేముందు కూడా మన తిండి గురించే" అన్నారు.

నేను అప్పటికప్పుడు అల్లిన మాటలవి. ఇంటికి వచ్చి మా ఆవిడకీ అవే చెప్పాను. ఆవిడ పిల్లలకి చెప్పింది. మా కోడలు ఆ బంగారు మురుగులు వేసుకున్నప్పుడల్లా, మీ నాయనమ్మగారి ఆఖరి మాట కదండీ అంటుంది. ఎన్నిసార్లు విన్నానో, ఒక్కోసారి నాకే ఆవిడ గొంతులో వినిపిస్తాయి, పొగాకు వాసనతో సహా. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. మా నాయనమ్మ ఆ మాటలు అనలేదు. నాతో ఏమీ చెప్పలేదు. ఏం చెప్పాలనుకుందో నాకు తెలియదు.